ముసల్ది పోయింది

పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట మెట్రో స్టేషన్ దాకా ఒక్క బండి కదలకుండా ఆపిన మనిషిని నేను. రాజకీయ నాయకుణ్ణి కాను, ఊరేగింపు తీయలేదు, నా వెనక జెండా పట్టుకున్నవాడు లేడు. ఒక్కణ్ణే, లుంగీ కట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బస్సులు ఆగాయి, ఆటోలు ఆగాయి, పైన పోయే మెట్రో సైతం ఒక్క క్షణం తటపటాయించిందని నా అనుమానం. ఎవరి కోసం కూర్చున్నానంటే, ఒక ముసలమ్మ కోసం. ఆమె అప్పటికే చనిపోయింది. కన్నకూతురు వచ్చి మొహం చూసేదాకా ఆమె తన చాప మీద పడుకోవచ్చా, పడుకోకూడదా అని పేచీ వచ్చింది. ఆ పేచీ తలుచుకుంటే ఇప్పటికీ నా బీపీ మాత్ర పనిచేయదు.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. లేకపోతే ఈ కోపం ముసలాడి చాదస్తంలా కనిపిస్తుంది.

నేను ఒక దినపత్రికలో ప్రూఫ్ రీడర్‌గా చేసి రిటైరయ్యాను. మీరు పేపర్లో చూసి నవ్వుకున్నవి మిగిలిపోయిన తప్పులు. నేను తీసేసిన తప్పులు నాతోనే పోతాయి. నా టేబుల్ మీదికి చావులు ఎక్కువగా వచ్చేవి. చావుకు మా దగ్గర ఒక నిచ్చెన ఉండేది. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ ఉద్యోగంలో చేరిన వారానికే అందరికీ వచ్చేసేది. పై మెట్టు మీద ఉన్నవాళ్లు చావరు, అస్తమిస్తారు. వాళ్ల కింద కాస్త పలుకుబడి ఉన్నవాళ్లు కన్నుమూస్తారు, తుదిశ్వాస విడుస్తారు. స్వామీజీ అయితే శివైక్యం చెందుతారు, పాస్టరుగారైతే ప్రభువునందు నిద్రిస్తారు. హెడ్మాస్టరు మరణించారు. తాపీ మేస్త్రీ మృతి చెందాడు. ఆ ‘రు’కూ ఈ ‘డు’కూ మధ్య ఉన్న దూరం బంజారా హిల్స్‌కూ మా సందుకూ మధ్య ఉన్న దూరం కంటే ఎక్కువ. లారీ కింద పడితే దుర్మరణం. అడవిలో తుపాకీకి దొరికితే హతం. ఇక కూలికి పోయే ఆడమనిషైతే ‘మృతి చెందింది’. గేదె కూడా ‘మృతి చెందింది’ అని రాస్తే వ్యాకరణం కిక్కురుమనదు. ఎందుకంటే తెలుగులో ఒక్క ఆడదానికీ ఒక్క గేదెకూ క్రియ చివర ఒకటే తోక. అందుకని పశువులకు వేరే మాట పెట్టుకున్నాం: మృత్యువాత పడ్డాయి.

ఒకసారి పిడుగు పడి ఒక గొర్రెల కాపరి, అతని గొర్రెలు పోయిన వార్త వచ్చింది. ‘కాపరి, గొర్రెలు మృతి’ అని శీర్షిక. నేను ఊరుకున్నాను. డెస్క్ ఇన్‌చార్జి కాగితం నా మొహాన కొట్టాడు. “మనిషినీ గొర్రెనూ ఒక్క క్రియకు కట్టేస్తావా? మనిషి ప్రాణం అంటే నీకు లెక్కలేదా?” అన్నాడు. సిగ్గుపడి విడగొట్టాను. కాపరికి మృతి, గొర్రెలకు మృత్యువాత. పేజీ పంపే వేళకు ప్రకటన వచ్చిపడింది. రెండు పంక్తులు కోయాలి. అదే ఇన్‌చార్జి కాపరిని కోసేసి గొర్రెల్ని ఉంచాడు.

ఇది కొంచెం పెంచాను. కాపరి వార్త ఉంది. పోయింది అతని పేరూ, ఊరి పేరూ. పొద్దున పేపర్లో ‘ఒక కాపరి’ అని మాత్రమే మిగిలింది. అయితే ఏం? పేరు పోయాక మిగిలేదేమిటి?

మా అపార్ట్‌మెంట్ కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఉంది. ముందు రోడ్డు మీద గోడ కనిపించకుండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు; మా సందులో హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, దోసె బండ్లు. సెల్లార్‌లో కార్లుంటాయి. ఆ కార్ల చివర, లిఫ్టు పక్కన, నీళ్ల మోటరు స్విచ్ బోర్డు వెనక ఒక గది. గదిలో వాచ్‌మన్, అతని భార్య, అతని తల్లి. పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. గుమ్మం ముందు ఒక ఆడకుక్క, వాళ్లకంటే ముందు నుంచీ ఉన్నది. ఒక చెవి చిరిగి, పళ్లు రాలి, లేవడానికి ముందు కాసేపు ఆలోచించే వయసు.

తల్లినీ కుక్కనూ కూడా మా బిల్డింగ్‌లో అందరం ముసల్ది అనే అనేవాళ్లం. “లిఫ్టు ముందర ముసల్ది పడుకుంది, చూసుకుని నడవండి” అని ఎవరైనా అంటే, ఏ ముసల్దో వెళ్లి చూసుకోవాల్సిందే. దాన్ని మేం పెద్ద హాస్యంగా చెప్పుకునేవాళ్లం.

నాకూ ఆ తల్లికీ మాత్రం వేరే లెక్క ఉండేది. ఇద్దరం ఒక ఈడు వాళ్లం. నేను లిఫ్టు దిగగానే మొదలుపెట్టేది.

“ఏం సారూ, ఇంకా ఉన్నవా?”

“నిన్ను సాగనంపి పోదామని ఆగిన.”

“నువ్వు పోతే బొమ్మేస్తరు పేపర్ల. నాకేమేస్తరు?”

“మొదటి పేజీల వేయిస్త. నేనే రాస్త.”

“థూ, అబద్దాలోడా!” అని పొగాకు అటు ఉమ్మి, బోసినోటితో నవ్వేది.

జొన్నరొట్టె చారులో నానబెట్టుకుని తినేది. సగం కుక్కకు పెట్టేది. ఎందుకమ్మా అంటే, “దానికీ పండ్లు లెవ్వు, నాకూ పండ్లు లెవ్వు. నానితె ఇద్దరికి నానుతది గద” అనేది.

ఆ రోజు పొద్దున నేను పళ్లు తోముకుంటుండగా ఫోన్ టింగుమంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీ మెసేజ్. నాలుగో అంతస్తులో ఉంటాడు. కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు, మాట మెత్తన, అందరినీ గారు అంటాడు. ఇలా రాశాడు:

“మిత్రులారా, విషాద వార్త. మన సెల్లార్ ముసల్ది మనల్ని వదిలి వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ మన బిల్డింగ్‌ని కంటికి రెప్పలా కాపాడిన మూగప్రాణి. ఓం శాంతి.”

ఇక చూడండి. దండాలు, కన్నీళ్లు, కొవ్వొత్తులు. ‘దానికున్న విశ్వాసం మనుషుల్లో ఏదీ?’ అని ఒకరు. ‘మా పాప పాలు తాగనంటోంది’ అని ఒకరు. ఎప్పుడో తీసిన కుక్క ఫొటోకు ఎవరో పూలచట్రం తగిలించి పెట్టారు. ‘గేటు లోపల పూలకుండీల పక్కనే సమాధి చేద్దాం, ఎప్పటికీ మనతోనే ఉంటుంది’ అన్నాడు సెక్రటరీ. అందరూ బొటనవేళ్లు ఎత్తారు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? నోట్లో పేస్టుతోనే పెద్ద వ్యాసం కొట్టాను. ‘మన సెల్లార్‌లో ఒక విశ్వాసం అస్తమించింది’ అని మొదలుపెట్టాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ మంత్రులకు దాచిపెట్టిన మాటను ఒక్క దెబ్బకు కుక్కకు ఇచ్చేశాను. ఎంత మెచ్చుకున్నారనుకున్నారు! మా పత్రిక యజమాని కూడా నన్ను అంత మెచ్చుకోలేదు.

మా ఆవిడ దేవుడికని గుచ్చిన బంతిపూల దండ పట్టుకుని గుమ్మం దాటబోయాను.

“ఏడికి ఆ దండ?”

“కింద ముసల్ది పోయిందట, కుక్క. వేసొస్త.”

“దేవుని దండ కుక్కకా? మతి గిట్ల పోయిందా నీకు?”

“ప్రాణం ప్రాణమేనే. మనిషిదైతేంది, కుక్కదైతేంది.”

“అట్లనా? ఐతవారం మటన్ తెచ్చేటప్పుడు యాదికి రాదా గీ మాట?”

దండ పట్టుకునే లిఫ్టు ఎక్కాను.

సెల్లార్‌లో తలుపు తెరుచుకోగానే కుక్క తల ఎత్తి నన్ను చూసింది. గుమ్మం ముందు ఎప్పటిలాగే పడుకుని ఉంది. తోక నేలకేసి కొట్టింది. గది లోపల చాప మీద ముసలమ్మ. గడ్డం కింది నుంచి తల మీదికి గుడ్డ కట్టారు. కోడలు పక్కన కూర్చుని ఆమె కాలి బొటనవేళ్లు రెండూ దగ్గరికి చేర్చి దారంతో ముడి వేస్తోంది. ఏడవడం లేదు. ఆ ముడి మీదే ఉంది ఆమె ధ్యాస. వాచ్‌మన్ గోడకు ఆనుకుని, చేతిలో ఫోన్ పట్టుకుని, మోటరు స్విచ్ వైపు చూస్తున్నాడు.

నన్నూ, నా చేతిలో దండనూ చూసి అతను లేచి నిలబడ్డాడు. “మీరొక్కరే వచ్చిన్రు సార్, దండ తోని” అన్నాడు. ఆ దండ ఎవరి కోసం తెచ్చానో చెప్పలేదు. చెప్పగలిగే మొనగాడుంటే ముందుకు రమ్మనండి. ఒంగి ఆమె మెడలో వేశాను.

అక్కడే నిలబడి గ్రూపులో టైపు చేశాను: ‘పోయింది కుక్క కాదు. వాచ్‌మన్ తల్లి.’

తర్వాత ఒక్కొక్కటే మాయమవడం మొదలైంది. ‘ఈ మెసేజ్ తొలగించబడింది.’ ‘ఈ మెసేజ్ తొలగించబడింది.’ కన్నీళ్లు తుడిచేసుకున్నారు, కొవ్వొత్తులు ఆర్పేసుకున్నారు. కొత్తగా ఒక్క దండం బొమ్మ రాలేదు. కాసేపటికి ఒకాయన అడిగాడు: ‘ఆఫీసుకు టైమవుతోంది, కారు తీసుకోవచ్చా?’ ఇంకొకరు: ‘లిఫ్టు వాడొచ్చా, కడిగించాక వాడాలా?’ పాలు తాగనన్న పాప సంగతి ఏమైందో తెలియదు. తాగే ఉంటుంది.

సెక్రటరీ పట్టుపంచెతో దిగాడు. ఆ రోజు వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. చుట్టాలొస్తారు, కార్లొస్తాయి, అందరూ ఈ సెల్లార్‌లోంచే లిఫ్టు ఎక్కాలి. గదికి నాలుగు కార్ల అవతలే ఆగిపోయాడు.

“అయ్యో పాపమండీ,” అన్నాడు ముందు. వెంటనే, “బాడీని ఎప్పుడు తీస్తున్నారు?”

కుక్క అనుకున్నంతసేపూ ‘మనది’, ‘మూగప్రాణి’, ‘విశ్వాసం’. మనిషని తేలగానే బాడీ అయింది. కుక్కకు బాడీ ఉండదు. బాడీ కావాలంటే మనిషై పుట్టాలి.

“మా చెల్లె బస్సెక్కింది సార్,” వాచ్‌మన్ చేతులు కట్టుకున్నాడు. “జడ్చర్ల దాటిందంట. అది వచ్చి ఒక్కసారి అమ్మ మొఖం చూస్తే గంతే సార్, తీస్కపోతం.”

“అంతసేపు లోపలెందుకు నాయనా? గేటు అవతల, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెట్టుకోండి. టెంట్ నేనే వేయిస్తాను.”

“రోడ్డు మీద ఎట్ల సార్? ఆమె ఇల్లు ఇదే గద.”

“ఇల్లేంటయ్యా, సెల్లార్!”

ఇక నా నోరు ఊరుకోలేదు. “పొద్దున పూలకుండీల పక్కన సమాధి కట్టిద్దామన్నరు గద మీరే! కుక్కకైతే గేటు లోపల, మనిషికైతే గేటు బయటనా?”

“కుక్క వేరండీ. అసలు ఈ గందరగోళం నా వల్ల కాదు. వాడే ఫోన్లో ‘ముసల్ది పోయింది సార్’ అన్నాడు. ముసల్ది అంటే మనం కుక్కనే కదా అనుకుంటాం?”

వాచ్‌మన్ నేల చూశాడు.

“సరే, కుక్కనే అనుకుందాం. కుక్క అనుకున్నప్పుడు మీ వ్రతం ఆగలే గద?”

“కుక్కకి మైల ఏంటండీ! మీరు పెద్దవారు, నేను చెప్పాలా? మనిషికే కదా మైల. మనిషి ప్రాణం అంటే మామూలు విషయమా?”

నిజాయితీగానే అన్నాడు. వెక్కిరింత లేదు, కుళ్లు లేదు. అందుకే నాకు అంత మండింది.

ఈ ఊళ్లో నేను చూడని మైల లేదు. ఆస్పత్రి నుంచి తండ్రి శవాన్ని తెస్తే కిరాయి ఇంటి ఓనరు గేటుకు తాళం వేయడం మా సందులోనే చూశాను. ఫ్రీజర్ పెట్టెను రోడ్డు మీద పెట్టుకుని, దానికి కరెంటు ఇవ్వమని ఇంటింటి కిటికీ దగ్గరా వైరు పట్టుకుని నిలబడ్డ కొడుకును చూశాను. అదే ఓనర్లు పొద్దున్నే టీవీలో ప్రవచనం పెట్టుకుంటారు. ఎన్ని లక్షల జన్మలెత్తితేనో గానీ మనిషి పుట్టుక దొరకదని అందులో చెబుతారు. అంత కష్టపడి దొరికిన పుట్టుకకు చివర దక్కేది ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒక టెంటా?

నేను కుక్కల పక్షం వాణ్ణి కాను. మా ఆవిడ అన్నమాట నిజమే, ఆదివారం మటన్ షాపు ముందు వరసలో ముందుంటాను. కుక్కనూ మనిషినీ ఒకే తక్కెడలో వేసి ఉపన్యాసమిచ్చేవాళ్లంటే నాకు పడదు. మనిషి ప్రాణం ఎక్కువే. ఎందుకు ఎక్కువో నాకు ఆ రోజు సెల్లార్‌లో తెలిసింది. మనిషి పోతే బతికున్నవాళ్ల మీద పని పడుతుంది. గడ్డం కట్టాలి, వేళ్లు కట్టాలి, కూతురొచ్చేదాకా ఆగాలి, మన పూజ మానుకోవాలి, మన కారు బయట పెట్టుకోవాలి. ఆ పనే మనిషి ప్రాణానికి మనం ఇచ్చే విలువ. అంతకు మించి ఆకాశంలోంచి ఊడిపడిన పవిత్రత ఏమీ లేదు. కుక్క చావు మనల్ని ఏమీ అడగదు. ఒక బొమ్మ పంపితే చాలు. అందుకే దాని కోసం అందరూ ఏడ్చారు. ముసలమ్మ చావు అడిగింది. కాసింత చోటు, కాసింత సేపు. అడగ్గానే మైల అన్నారు. మనిషి గొప్పవాడని ఒప్పుకుంటూనే ఆ మనిషిని గేటు బయటికి నెట్టడానికి ఇంతకంటే మంచి మాట ఏ డెస్కులోనూ ఎవరూ కనిపెట్టలేరు. ముట్టుకోకూడనంత గొప్ప ప్రాణమట! దరిద్రులారా, ముట్టుకోవాల్సి వచ్చినప్పుడే కదా అది గొప్పదో కాదో తేలేది!

ఇదంతా మనసులో అనుకున్నదే. బయటికి, “నువ్వు మనిషివేనా?” అని మాత్రం అన్నాను. అంత మెత్తటి మనిషిని ‘నువ్వు’ అన్నందుకు ఆయన మొహం ఎర్రబడింది.

“మీతో నాకెందుకండీ,” అని గేటు దగ్గర టెంటువాళ్లను కేకేశాడు. వ్రతం భోజనాలకు వచ్చినవాళ్లు. ఇద్దరు స్ట్రెచర్‌లా ఒక మడత మంచం పట్టుకుని ర్యాంప్ దిగబోయారు.

అప్పుడు నేను వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని ర్యాంప్ మొదట్లో, సరిగ్గా నడిమధ్యన కూర్చున్నాను.

ఇక్కడ మొదట్లో రాసిన దాని సంగతి ఒప్పుకోవాలి. పంజాగుట్ట చౌరస్తా ఎలా ఉందో నాకు తెలియదు, ఆ రోజు అటు వైపు పోలేదు. ఆగింది ఒక తెల్లకారు. సెక్రటరీ బావమరిది పళ్ల బుట్టలతో వచ్చి, ర్యాంప్ మీదికి ముక్కు పెట్టి, నన్ను చూసి ఆపాడు. వెనక భాగం సందులో ఉండిపోయింది. మా సందు వెడల్పుకు అది చాలు. కోచింగ్ పిల్లల స్కూటర్లు, బిర్యానీ తెచ్చే బండ్లు, ఒక ఆటో ఆగి హారన్లు కొట్టాయి. అదే నేను ఆపిన ట్రాఫిక్. మెట్రో తన దారిన తాను పోయింది.

వీరుడిలా కూర్చోలేదు కూడా. మోకాళ్ల నొప్పులతో ఎక్కువసేపు నిలబడలేను, అందుకే కుర్చీ లాక్కున్నాను. కూర్చున్నాక లేవలేకపోయాను. ‘తాతా, లేవండి’ అని ఆ బావమరిది కారు దిగి వచ్చి బతిమాలితే వినపడనట్టు ఉన్నానని తర్వాత గొప్పగా చెప్పుకున్నాను. వినికిడి యంత్రంలో బ్యాటరీ అప్పుడే అయిపోయింది, నిజంగానే వినపడలేదు. కానీ ఆయన పెదాలు చూస్తే అర్థమైంది. అర్థమయ్యాక కూడా లేవలేదు. ఆ ఒక్కటీ నా ఖాతాలో వేసుకుంటాను.

ఇంతలో మా ఆవిడ దిగింది. నన్ను పట్టించుకోలేదు. సరాసరి గదిలోకి పోయి, కోడలి పక్కన నేల మీద కూర్చుంది. మా ఆవిడ కూర్చున్నాక మడత మంచం పట్టుకున్నవాళ్లు మంచం గోడకు ఆనించి, బీడీలు వెలిగించారు. పైనుంచి పంతులుగారు ఫోన్ చేసి, ఎలాగూ శవం లేవకుండా కలశం పెట్టేది లేదు, మరో పౌర్ణమికి చూసుకుందాం అన్నాడట. సెక్రటరీ పట్టుపంచె కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని, మెట్ల మీదుగా నాలుగు అంతస్తులూ ఎక్కిపోయాడు. లిఫ్టు వాడలేదు.

ఎండ నడినెత్తికి రాకముందే కూతురు వచ్చింది. తెల్లకారు పక్కనుంచి ఒరుసుకుంటూ, చెప్పులు చేత పట్టుకుని ర్యాంప్ దిగింది. గదిలోకి పోయి తల్లి పాదాలు పట్టుకుంది. అప్పుడు మొదలైంది ఏడుపు. కోడలు కూడా అప్పుడే ఏడ్చింది. అంతదాకా ఆపుకుందని నాకు అప్పుడు తెలిసింది. తర్వాత బండి పిలిపించి పంజాగుట్ట శ్మశానానికి తీసుకుపోయారు. తన చాప మీద నుంచే లేచింది ముసలమ్మ.

గెలిచానని కాలరెగరేశాను. అమీర్‌పేట చాయ్ హోటళ్లలో ఈ కథ చెప్పి ఎంతమందితో శభాష్ అనిపించుకున్నానో. చెప్పిన ప్రతిసారీ వ్యాకరణం కూడా చెప్పేవాణ్ణి. చూడండయ్యా, తెలుగులో ‘పోయింది’ అంటే మనిషో కుక్కో తెలియదు, మగవాడైతే ‘పోయిండు’ అని తెలిసిపోయేది, పాపం ఆడదైనందుకు ముసలమ్మ కుక్కలో కలిసిపోయింది, తప్పు సెక్రటరీది కాదు భాషదే అని. విన్నవాళ్లు ఆహా అనేవాళ్లు. నా ప్రూఫ్ రీడింగ్ అంతా ఆ ఒక్క కథకే పనికొచ్చిందనుకున్నాను.

నెల తిరక్కుండా అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. సెల్లార్‌లో అప్పటికే శుద్ధి చేయించారు, ఫినాయిల్ వాసన ఇంకా పోలేదు. ఎజెండాలో ఒకటే విషయం: వాచ్‌మన్ కుటుంబాన్ని మార్చడం. “వాళ్ల మీద కోపం లేదండీ,” అన్నాడు సెక్రటరీ. “కానీ ఫ్యామిలీ ఉంటే ఇలాంటివి జరుగుతుంటాయి. ఏజెన్సీ మనిషైతే డ్యూటీ చేసి వెళ్ళిపోతాడు.” అంటే చచ్చే మనుషులు వద్దట. డ్యూటీ అయ్యాక ఎక్కడైనా చావొచ్చు, మన గేటు లోపల కాకుండా. సింహంలా గర్జించాను అని రాయాలని ఉంది. లేచిన మాట నిజం. నోరు తెరవగానే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గి తల ఎత్తేసరికి చేతులెత్తడం అయిపోయింది, జనం సమోసాలు తింటున్నారు.

ఆ మీటింగ్‌లోనే కుక్కను ఉంచుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఇప్పుడు దానికి ఎర్ర బెల్టు ఉంది. సూదులు వేయించారు. గుమ్మం ముందు గిన్నెలో ప్యాకెట్ తిండి పోస్తారు, గట్టి గుళికలు. నానబెట్టేవాళ్లు లేరు. అది వాసన చూసి పక్కకు జరుగుతుంది.

వాచ్‌మన్ కుటుంబం శ్రీనగర్ కాలనీలో ఒక బిల్డింగ్‌లో పనికి కుదిరింది. ఇది రాయడం పూర్తయ్యాక కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని అక్కడికి పోయాను. మెచ్చుకుంటారని ఆశ, దాపరికమెందుకు. వాచ్‌మన్ లేడు, బజారుకు పోయాడట. భార్య పెరటి నల్లా దగ్గర గిన్నెలు తోముతోంది. కుర్చీ వేసింది. చదివాను. నిచ్చెన దగ్గర వింది, గొర్రెల కాపరి దగ్గర అయ్యో అంది, ముసలమ్మ మాటలు చదువుతుంటే ‘అచ్చం గట్లనే అంటుండె’ అని నవ్వింది. సెక్రటరీ ఫోన్ సంగతి వచ్చేసరికి గిన్నె పక్కన పెట్టింది.

“ఆగు సారూ. గది తప్పు.”

“ఏది?”

“మా ఆయన ముసల్ది పోయింది అన్లే. నేను పక్కన్నే ఉన్న. ‘మా అమ్మ సచ్చిపోయింది సార్, లేపితె లేస్తలేదు’ అన్నడు.”

“మరి సెక్రటరీ...”

“గా సారు పూజ సామాన్ల గురించి ఎవరితోనో మాట్లాడుకుంటనే ‘సరే సరే, మోటరు వేసినవా’ అని పెట్టేసిండు. ముసల్ది అనుడు మీ బిల్డింగోళ్ల మాట. మేము కుక్కను సుత ఎన్నడు గట్ల పిలువలె.”

“మరి ఆ రోజు సెక్రటరీ అంటుంటే మీ ఆయన ఎందుకు ఊకున్నడు?”

“అమ్మ ఇంట్ల ఉండాలె గద సారూ. నువ్వు అబద్దమాడుతున్నవ్ అంటె ఉండనిస్తుండెనా?”

కాగితాలు మడవబోయాను. “అయితే వ్యాకరణం గురించి రాసింది...”

“గదేందో నాకు తెల్వది,” అని నల్లా కట్టేసింది. “మా ఆయన అమ్మ అన్నడు. అమ్మ అంటె కుక్క అని ఏ బాషల ఉన్నదో చెప్పు. బాష మీద పెట్టకు సారూ. మీరు ఇన్లే, గంతే.”